మూడో బొగ్గుముక్క

గిలకలదిండి నుంచి బెజవాడ బయలుదేరే ముందు కొండలమ్మ తన ఇంటి పొయ్యిలోంచి మూడు బొగ్గుముక్కలు ఏరింది. పాత జాకెట్టు గుడ్డలో చుట్టి, మనవరాలికని చేసిన రొయ్యల అటుకుల డబ్బా కింద, సంచి అడుగున పెట్టుకుంది. బందరులో బస్సెక్కింది మొదలు చెయ్యి లోపలికి పెట్టి తడుముకుంటూనే ఉంది. పక్క సీటు ఆవిడ లోపల బంగారం ఉందనుకుందో ఏమో, తన సంచిని కూడా జాగ్రత్తగా ఒళ్ళోకి లాక్కుంది.

కొండలమ్మకి అవి బంగారం కన్నా ఎక్కువే. మనవరాలు మనోజ్ఞ హిమాలయాలకు పోతోంది. వీపున పెద్ద మూట కట్టుకుని, గుడారాల్లో పడుకుంటూ, మంచుకొండలెక్కి దిగుతుందట. దాన్ని ట్రెక్కింగ్ అంటారట. ఇంట్లో వండిన తిండి అడవుల్లోకో నీళ్ళమీదికో వెళ్ళేటప్పుడు అందులో ఒక బొగ్గుముక్క వేసి పంపడం కొండలమ్మ వాళ్ళ వాడలో ఆడవాళ్ళందరికీ అలవాటు. వెయ్యకపోతే ఆ తిండి వాసనకి గాలి వెంటబడుతుందని, తిన్న మనిషిని తిరిగి రానివ్వదని భయం.

మిగతావాళ్ళకి అది అలవాటే. కొండలమ్మకి మాత్రం అలవాటు కాదు, కళ్ళారా చూసిన సంగతి. భర్త కాశీరావు ఆఖరిసారి చేపల వేటకెళ్ళిన పొద్దున ఉప్పుటేటి ఒడ్డున నిలబడి కేరియరు మూత తీశాడు. అన్నం మీదున్న బొగ్గుముక్క తీసి, "దీన్ని చూసి చేపలు నవ్వుతున్నాయే" అంటూ నీళ్ళలోకి విసిరాడు. పడవలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. కొండలమ్మ కూడా నవ్వింది. పడవ, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి పోయింది. మళ్ళీ పడవా రాలేదు, కేరియరూ రాలేదు.

ఇప్పుడు మనోజ్ఞ ఏ తిండి పట్టుకెళ్ళినా సరే, దాంతో తన పొయ్యిలో బొగ్గు వెళ్ళితీరాలి. కొండలమ్మ బెజవాడ వచ్చింది ఆ పనిమీదే.

పటమటలో ఫ్లాటు తలుపు తీసింది కూతురు గంగాదేవి కాదు, గంగాదేవి అత్తగారు మాణిక్యమ్మ. ఆవిడ వెనక్కి రెండడుగులు వేసి, కొంగు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"రండి వదినగారూ. మీరు లిఫ్టు ఎక్కినప్పుడే తెలిసింది మాకు, మీరొస్తున్నారని."

"మీ కళ్ళు మందగించాయని గంగ చెప్పిందండీ. పోన్లెండి, ముక్కన్నా మిగిలింది," అంది కొండలమ్మ చెప్పులు విడుస్తూ.

వాళ్ళిద్దరి మధ్యా మర్యాదకి ఎప్పుడూ లోటు లేదు. మర్యాద తప్ప ఇంకోటీ లేదు. ఉయ్యూరు దగ్గర చెరుకుతోటల కుటుంబం మాణిక్యమ్మది. ఆవిడ కొడుకు లక్ష్మీకాంత్ కాలేజీలో గంగాదేవిని చూసి, చెప్పాపెట్టకుండా రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకున్నాడు. కొడుకుని క్షమించింది. కోడల్ని కొన్నాళ్ళకి క్షమించింది. కోడలి తల్లిని క్షమించే అవసరం ఆవిడకి కలగలేదు. భర్త రామకోటేశ్వరరావు పోయాక మాణిక్యమ్మ నీచు మానేసింది. అప్పట్నుంచి కొండలమ్మ చేతి మంచినీళ్ళు తాగకపోవడానికి కారణం వెతుక్కునే శ్రమ కూడా తప్పింది. అంతకుముందు తాగిందని కాదు.

మనోజ్ఞ లోపల్నుంచి వచ్చి అమ్మమ్మని కావలించుకుంది. హాల్లో నేలమీద ఆమె సామానంతా పరిచి ఉంది. లావుపాటి బూట్లు, ఊలు టోపీలు, మడత చాప, మధ్యలో కుర్రాడంత ఎత్తున ఒక సంచి.

"ఇంత మొయ్యాలా అమ్మా నువ్వు?"

"మొయ్యడం కాదమ్మమ్మా కష్టం. తినడం కష్టం."

పోయిన ఏడు కూడా మనోజ్ఞ ఇలాగే వెళ్ళింది. సగం దారిలోంచి వెనక్కి వచ్చేసింది. కాళ్ళు నొప్పులొచ్చి కాదు. ఎత్తుకి పోయేకొద్దీ ఆకలి చచ్చిపోతుందట. పొద్దునా రాత్రీ అక్కడివాళ్ళు వేడిగా వండి పెడతారు గానీ, పగలంతా నడకలో ఎవరి తిండి వాళ్ళు చూసుకోవాలి. అందరూ చెప్పారని ఖరీదైన ఎనర్జీ బార్లూ, బాదంపప్పులూ సంచి నిండా కొనుక్కెళ్ళింది. రెండో రోజుకే వాటిని చూస్తే వాంతి వచ్చినంత పనయింది. తినక నీరసపడి, ఒక మధ్యాహ్నం బండమీద కూలబడిపోతే కంచరగాడిద మీద కిందికి దింపారు.

"బలమైంది కాదు కావల్సింది," అంది మనోజ్ఞ. "నోరు అడగాలి. అలసిపోయి, విసుగొచ్చి, ఏదీ వద్దనిపించినప్పుడు కూడా నోరు దానంతటది అడిగే తిండి కావాలి. అందుకే ఆదివారం కొండపల్లి పోదాం. నేను బరువు మోసుకుంటూ కాలిబాటన ఎక్కుతా. మీరు కార్లో పైకొచ్చి కోట దగ్గర కూర్చోండి. నానమ్మ ఒకటి చేస్తుంది, నువ్వొకటి తెచ్చావు. పైకొచ్చాక ఏది నోటికి పోతే అదే పట్టుకెళ్తా."

"అంటే పోటీయా?" అంది మాణిక్యమ్మ.

"పోటీ ఎందుకవుతుందండీ," అంది కొండలమ్మ. "మీరు గెలుస్తామనుకుంటేనే గదా పోటీ."

ఆదివారం పొద్దున్నే మాణిక్యమ్మ దేవుడికి నైవేద్యం పెట్టిన సున్నుండలు స్టీలు డబ్బాలో సర్ది వంటగట్టు మీద పెట్టి స్నానానికి వెళ్ళింది. ఛాయ మినపప్పు పిండి, కొత్త బెల్లం, పూసనెయ్యి. లేత రంగులో, గుండ్రంగా, ఒకదాన్ని చూసి ఒకటి చేసినట్టున్నాయి. కొండలమ్మ ఆ డబ్బా ముందు నిలబడి చాలాసేపు ఆలోచించింది. కొండపల్లి మాత్రం కొండ కాదా, అడవి కాదా. పిల్ల ఒంటరిగా ఎక్కి వస్తోంది. తన డబ్బాలో ఎలాగూ ఒక బొగ్గు వేసింది. ఆకలిమీద ముందు ఈ డబ్బాలోదే తింటేనో?

గుడ్డ విప్పి రెండో ముక్క తీసి, పై వరస రెండు సున్నుండలు జరిపి, మధ్యలో దూర్చింది. మళ్ళీ ఎలా ఉన్నవి అలా సర్దింది.

గంగాదేవి కారు నడిపింది. వెనక సీట్లో ఇద్దరు ముసలమ్మలూ, ఎవరి డబ్బా వాళ్ళ ఒళ్ళో పెట్టుకుని, చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఇబ్రహీంపట్నం వచ్చింది. అక్కడ మాణిక్యమ్మ అద్దం దించింది.

"ఏసీ వేశానత్తయ్యా," అంది గంగాదేవి.

"తెలుసమ్మా. ఏసీ చల్లదనమే ఇస్తుంది, గాలి ఇవ్వదు గదా."

గంగాదేవి అద్దంలోంచి తల్లి ఒళ్ళో డబ్బా వంక ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. ఆ చూపు మాణిక్యమ్మ మాట కన్నా ఎక్కువ గుచ్చుకుంది కొండలమ్మకి.

కొండ కింద మనోజ్ఞ దిగిపోయింది. బరువు కోసం సంచి నిండా బియ్యం మూటలు కుక్కుకుంది. కాలిబాట ఎక్కుతూ పొదల్లో కలిసిపోయిన ఎర్ర చొక్కాని కొండలమ్మ కారు మలుపు తిరిగేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉంది. మనిషి వీపు చూడటమంటే ఆవిడకి పడదు. జీవితంలో చాలా వీపులు చూసింది.

కోట దగ్గర కూలిన గోడ నీడలో చాప పరిచారు. కింద థర్మల్ స్టేషను గొట్టాలు ఎండలో తెల్లగా పొగ వదులుతున్నాయి. కోతులు గోడమీద వరసగా కూర్చుని డబ్బాల వంక చూస్తున్నాయి.

"నిన్న పేపర్లో చదివానండీ," అంది కొండలమ్మ, ఆగలేక. "ఆ హిమాలయాల్లో ఎక్కడో కొండచరియలు పడ్డాయట."

"చదవడం వచ్చిందిగా, ఇంక మాకు నిద్రలేకుండా చెయ్యండి," అంది మాణిక్యమ్మ.

కొండలమ్మ బడికెళ్ళలేదు. ఎండుచేపలు కట్టే పాత పేపర్లలో అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకుంది. అది ఈవిడకి తెలుసు. తెలిసే అంది.

మనోజ్ఞ వచ్చేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. మొహం కందిపోయింది. సంచి కింద పడేసి, గోడకి చేరగిలబడి, కళ్ళు మూసుకుంది. కాసేపటికి చెయ్యి చాపింది. మాణిక్యమ్మ ముందే మూత తీసి ఉంచింది.

సున్నుండ సగం కొరికి నమిలింది. నమిలింది, నమిలింది. నీళ్ళు తాగింది.

"బాగుంది నానమ్మా. కానీ గొంతుకి అడ్డం పడుతోంది. ఈ దాహంలో నెయ్యి అంగిటికి అంటుకుంటోంది."

మిగతా సగం మూత మీద పెట్టింది. కొండలమ్మ తన డబ్బా ముందుకి జరిపింది. దోరగా వేయించిన అటుకులు, ఎండు రొయ్యల పొడి, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకు. మనోజ్ఞ గుప్పెడు తీసి నోట్లో వేసుకుంది. కళ్ళు తెరిచింది. ఇంకో గుప్పెడు వేసుకుంది. మూడోసారి ఎవరి వంకా చూడకుండా డబ్బానే ఒళ్ళోకి లాక్కుంది.

కొండలమ్మ గంగాదేవి వంక చూసింది. చిన్నప్పుడు ఆ పిల్ల కూడా అట్లాగే, డబ్బా ఒళ్ళో పెట్టుకుని తినేది. గంగాదేవి కారు తాళాలతో ఆడుకుంటోంది.

నాలుగో గుప్పెట్లో మనోజ్ఞ వేళ్ళకి గట్టిగా ఏదో తగిలింది. పైకి తీసింది.

"ఇదేంటమ్మమ్మా, బొగ్గు?"

"ఉండనీ అమ్మా. దాన్నేం చెయ్యకు. పక్కకి జరిపి తిను."

"డబ్బాలో బొగ్గేంటి అసలు," అంటూ మనోజ్ఞ నవ్వి, రెండు వేళ్ళతో పట్టుకుని గోడ అవతలికి విసిరింది. విసిరిన తీరు కూడా అదే. మోచెయ్యి మడిచి, పక్కకి వంగి, నీళ్ళమీద పెంకు విసిరినట్టు. కొండలమ్మకి ఒక్కసారి చెవుల్లో నీళ్ళ హోరు మొదలైంది.

"వాళ్ళిళ్ళల్లో అంతే అమ్మలూ," అంది మాణిక్యమ్మ తీరిగ్గా. "నీచు బయటికి తీసుకెళ్తే బొగ్గు వేస్తారు. దయ్యాలు వెంటబడతాయని భయమట. ఆ వాసనకి దయ్యాలు కూడా దూరంగానే పోతాయి. నువ్వు ఇటు తీసుకో, నోరు కడుక్కుని ఇంకో సున్నుండ తిను."

నానమ్మ మనసు నొప్పించడం ఇష్టంలేక మనోజ్ఞ ఆ డబ్బాలో చెయ్యి పెట్టింది. పైనున్న సున్నుండ తియ్యగానే దాని పక్కన నల్లగా రెండో ముక్క బయటపడింది. లేత రంగు సున్నుండలకి మసి అంటుకుని ఉంది.



"నా డబ్బా ముట్టుకున్నావా?" అంది మాణిక్యమ్మ.

ఇన్నేళ్ళ వదినగారు, మీరు, అండీ, అన్నీ ఆ ఒక్క మాటలో రాలిపోయాయి. గంగాదేవి తాళాలు ఆడించడం ఆపింది.

"దేవుడి ముందు పెట్టిన నైవేద్యం అది. నీచులో వేసే బొగ్గు తీసుకొచ్చి నైవేద్యంలో వేస్తావా? నా చేతి తిండి నీచని చెప్పడానికేనా?"

"అందుక్కాదండీ."

"మరెందుకు? నీది గెలవదని భయమేసి నాది పాడు చేశావా? చెప్పు, పిల్ల ముందే చెప్పు."

ఎందుకో చెప్పాలంటే కాశీరావు పేరు ఎత్తాలి. పడవ సంగతి చెప్పాలి. నాలుగు రోజుల్లో ప్రయాణమయ్యే పిల్ల ముందు, వెళ్ళి తిరిగిరాని మనిషి మాట ఎత్తుతారా ఎవరైనా? కుళ్ళుబోతు ముసలిదనిపించుకోవడమే నయమనుకుంది.

"ఏదో చేశానండీ. అంతే," అంది.

"అమ్మ చెప్పదు, నేను చెప్తా అత్తయ్యా," అంది గంగాదేవి. తల్లి మీదికి తిరిగింది, కోపంగా. "మా నాన్న బొగ్గు పారేసి పడవెక్కాడని ఈవిడ నమ్మకం. అందుకే రాలేదట. అమ్మా, నాన్న పోయింది బొగ్గు లేక కాదు, తుఫానొచ్చి. ఆ రోజు వెళ్ళిన వాళ్ళలో బొగ్గు పారెయ్యని వాళ్ళు కూడా రాలేదు. ఎన్నాళ్ళమ్మా ఇది?"

కొండలమ్మ అరచెయ్యి తన నోటికే అడ్డం పెట్టుకుంది, ఆ మాట తన నోట్లోంచే వచ్చినట్టు. అనకూడని మాట కూతురే అనేసింది, కొండ మీద, పిల్ల ముందు.

మాణిక్యమ్మ ఆ మాటకి కరగలేదు. లేచి, గోడ దగ్గరికెళ్ళి, డబ్బా బోర్లించింది. బొగ్గుముక్క దొర్లుకుంటూ బండల సందులోకి పోయింది. కోతులు సున్నుండల కోసం కలబడ్డాయి.

"అవన్నా తింటాయి, వాటికి నీ సంగతి తెలీదు," అంది ఖాళీ డబ్బా మూత పెడుతూ.

తిరుగు దారిలో మనోజ్ఞ ముందు సీట్లో కూర్చుని ఫోను చూస్తూ చెప్పింది. అమ్మమ్మ డబ్బా చాలా బాగుంది, కానీ పట్టుకెళ్ళడానికి వీల్లేదు. గుడారాల దగ్గర ఎండుచేపల్లాంటి ఘాటు వాసన తిండి పెట్టుకోవద్దని ట్రెక్కింగ్ వాళ్ళ గ్రూపులో రాశారట. వాసనకి ఎలుగుబంట్లు వస్తాయట.

"చూశావా అమ్మమ్మా, నువ్వు గాలి అంటావు, వాళ్ళు ఎలుగుబంటి అంటున్నారు," అని నవ్వింది.

"ఎలుగుబంటి దాకా ఎందుకు," అంది గంగాదేవి. "విమానంలో పక్కవాళ్ళు చాలు. నా పక్కన కూర్చుని బడిలో మూసుకున్న ముక్కులు చాలు నాకు. నా కూతురికి వద్దు."

కొండలమ్మ ఒళ్ళో డబ్బా అడుగున ఇంకా గుప్పెడు అటుకులున్నాయి. మూత గట్టిగా నొక్కింది. డబ్బా ఓడిపోయినందుకు బాధ లేదనుకుంది. బాధ ఉంది. కానీ భయం అంతకన్నా పెద్దది.

"మనోజ్ఞా, నాదొద్దులే. ఏది పట్టుకెళ్ళినా సరే, అందులో ఒక్క..."

"అమ్మా, ఆ మాట మళ్ళీ ఎత్తావంటే కారు తిన్నగా బస్టాండుకే పోతుంది. బందరు బస్సెక్కించేస్తా."

"బ్యాగులో కూడా ఎక్కడా దాచకమ్మమ్మా," అంది మనోజ్ఞ. "ప్రతి జేబూ నేనే సర్దుతా. ఎయిర్‌పోర్టులో బొగ్గు దొరికితే నన్ను పక్కకి లాగి ప్రశ్నలేస్తారు."

కొండలమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. గుడ్డలో ఒకే ఒక్క ముక్క తగిలింది.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం మాణిక్యమ్మ మళ్ళీ పొయ్యి ముందు నిలబడింది. ఈసారి మనోజ్ఞ పక్కనే నిలబడి చెప్పి చేయించింది. ఛాయపప్పు వద్దు, పొట్టు మినుములు వెయ్యి. మాడీమాడనట్టు, నల్లగా వేపు. నెయ్యి సగానికి తగ్గించు. బెల్లం కూడా తగ్గించు. మిరియాల పొడి, శొంఠి వెయ్యి. ఉప్పు వెయ్యి.

"సున్నుండలో ఉప్పా? మా ఇంటా వంటా లేదు."

"తీపి ఒక్కటే అయితే రెండోరోజుకి నోరు విరిగిపోతుంది నానమ్మా. మొన్న అమ్మమ్మది ఎందుకంత తినబుద్ధేసింది? ఉప్పూ కారం ఉండబట్టే."

మాణిక్యమ్మ గరిటె ఆపి, హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్న కొండలమ్మ వంక చూసింది.

"వెయ్యి అయితే. మిరియాలేగా. రొయ్యల కన్నా నయం," అని మనవరాలితో అంటున్నట్టుగా, హాల్లోకి వినిపించేలా అంది.

మినుములు వేగిన కమ్మటి వాసన ఇల్లంతా కమ్ముకుంది. మిక్సీ ఆగింది. పిండి వెడల్పు బేసిన్లో ఆరబెట్టారు. పొట్టుతో కలిసి అది బూడిద రంగులో, నల్లటి నలకలతో ఉంది. మనోజ్ఞ సంచి సర్దుకోవడానికి లోపలికి పోయింది. మాణిక్యమ్మ కాళ్ళు కడుక్కుని దేవుడి గదిలో దీపం పెట్టడానికి వెళ్ళింది. ఆవిడ దీపం పెడితే లలితా సహస్రనామం పూర్తయ్యేదాకా బయటికి రాదు.

కొండలమ్మ పేపరు మడిచి లేచింది.

వంటింట్లో యాలకులు దంచే చిన్న రోలుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, మూడో ముక్క అందులో వేసింది. చప్పుడు వినపడకుండా రోలు కింద తువ్వాలు మడిచి పెట్టి, నెమ్మదిగా నూరింది. తాటిమట్ట బొగ్గు మెత్తగా, కాటుకలా నలిగింది. ముక్కగా ఉంటేనే పనిచేస్తుందా, పొడిగా ఉన్నా పనిచేస్తుందా అని మధ్యలో చెయ్యి ఆగింది. అడగడానికి పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు. ముక్కయితే తీసి పారేస్తారు. మొగుడూ పారేశాడు, మనవరాలూ పారేసింది. పొడిని ఎవరు ఏరి పారేస్తారు? పలచటి కొంగు మడతలోంచి జల్లించి, బేసిన్లో పిండిలో కలిపింది. వేళ్ళతో అడుగు నుంచి పైకి, పైనుంచి అడుగుకి, ఒక్క చారలేకుండా కలిపింది. పిండి రంగు మారిందో లేదో ఆవిడకే తెలియలేదు.

దేవుడి గదిలో గంట మోగేసరికి రోలు కడిగి బోర్లించి, మళ్ళీ పేపరు తెరుచుకుని కూర్చుంది. ఒక వార్త కూడా ముందుకి సాగలేదు.

మాణిక్యమ్మ బెల్లం, నెయ్యి కలిపి ఉండలు చుట్టింది. మొదటిది దేవుడికి పెట్టి వచ్చి, ప్రసాదం తలా కాస్తా పంచి, తనూ నోట్లో వేసుకుంది. చప్పరించింది. మొహంలో మెల్లగా వెలుగొచ్చింది.

"వేపు ఎంత బాగా కుదిరిందో చూడు. కట్టెల పొయ్యి మీద చేసినట్టుంది."

"నిజం నానమ్మా," అంది మనోజ్ఞ నములుతూ. "కొంచెం పొగ వాసన, ఉప్పు, మిరియం. ఇది పోతుంది నోట్లోకి. ఇంకోటివ్వు."

మాణిక్యమ్మ ఇంకోటి ఇచ్చింది. తనూ ఇంకోటి తీసుకుంది. ఆ ఊపులో ఒకటి పళ్ళెంలో పెట్టి హాల్లోకి తెచ్చి, కొండలమ్మ ముందు బల్లమీద ఉంచింది.

"తినండి వదినగారూ. బొగ్గు లేకపోతే ఎంత శుభ్రంగా ఉంటాయో మీకూ తెలియాలి గదా."

కొండలమ్మ రెండు చేతులతో పళ్ళెం అందుకుంది. సున్నుండ మొత్తం తిన్నది, పొడి కూడా రాలనివ్వకుండా.

"చాలా బాగుందండీ," అంది. "మీ చేతిలో ఏదో ఉంది."

మర్నాడు లక్ష్మీకాంత్ కారు నడపగా గన్నవరం ఎయిర్‌పోర్టుకి అందరూ వెళ్ళారు. సున్నుండల డబ్బా మనోజ్ఞ వీపున సంచి పై అరలో ఉంది. లోపలికి వెళ్ళే అద్దాల తలుపు దగ్గర పోలీసు టికెట్టు చూసి పంపిస్తున్నాడు. మనోజ్ఞ నలుగురికీ దణ్ణం పెట్టి, చెయ్యి ఊపి, వీపు తిప్పింది. కొండలమ్మ కళ్ళు మూసుకుందామనుకుని మూసుకోలేకపోయింది. ఎర్ర సంచి జనంలో కలిసేదాకా చూసింది. భయం పోలేదు. కానీ ఈసారి ఆ వీపు మీద తన పొయ్యి ఉంది.

పిల్ల కనపడకుండా పోయాక చూస్తే, తన చెయ్యి పక్కనున్న ఇనుప కమ్మీని గట్టిగా పట్టుకుని ఉంది. ఆ చేతి వంకే మాణిక్యమ్మ కూడా చూస్తోంది.

గోళ్ళ సందుల్లో నల్లగా, అర్ధచంద్రాల్లా, మసి. ఎంత కడిగినా పోలేదు అది. మాణిక్యమ్మ ఆ గోళ్ళ వంక చూసింది. తర్వాత కొండలమ్మ మొహం వంక చూసింది. ఆవిడ పెదవులు ఒకసారి కదిలాయి, నోట్లో ఇంకా ఏదో రుచి మిగిలి ఉన్నట్టు. కట్టెల పొయ్యి మీద చేసినట్టుందని తనే అంది. నలుగురి ముందు అంది. రెండు తిన్నది. దేవుడికీ పెట్టింది.

కొండలమ్మ చెయ్యి దాచుకోలేదు. అడగండి వదినగారూ, అనుకుంది. అడిగితే చెప్తా.

అడిగితే, ఇన్నేళ్ళూ ముట్టని చేతి తిండి తిన్నానని, మెచ్చుకున్నానని, కొడుకూ కోడలి ముందు ఒప్పుకోవాలి మాణిక్యమ్మ.

"ఆ గోళ్ళు కత్తిరించుకోండి," అంది చివరికి, పళ్ళ బిగువున. "అసహ్యంగా ఉన్నాయి."

"అట్టాగేనండీ. పిల్ల తిరిగొచ్చాక కత్తిరించుకుంటా."

మాణిక్యమ్మ గిరుక్కున తిరిగి కారు వైపు నడిచింది. వెనక సీట్లో కొండలమ్మ పక్కన కూర్చోవాల్సి వస్తుందని, కోడలి కన్నా ముందే వెళ్ళి ముందు సీట్లో ఎక్కి, తలుపు గట్టిగా వేసుకుంది. దారిలో ఎక్కడా అద్దం దించలేదు.